గోల్కొండ రాజ్యంలో మతభేదం, రాజభక్తి, కుట్ర (1550–1687)

హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఇబ్రహీంపట్నం పెద్దచెరువు వస్తుంది. ఊరి పేరులో ఉన్న ఇబ్రహీం గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా. ఆయన 1550 నుంచి 1580 వరకు పాలించాడు. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి 1558లో సింహాసనం ఎక్కింది. అంటే 22 సంవత్సరాలపాటు వీరిద్దరూ ఒకే కాలంలో రాజ్యం చేశారు. ఒకరి సంగతి మరొకరికి తెలిసి ఉండాల్సిన అవసరం అప్పటికి ఏర్పడలేదు. ఎలిజబెత్ 1600 డిసెంబరు 31న అనుమతి పత్రం ఇచ్చిన ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం రేవుకు వచ్చింది 1611లో. అప్పటికి ఇద్దరూ లేరు.

ఈ రెండు రాజ్యాలను పక్కపక్కన పెట్టి చదవడానికి వేరే కారణం ఉంది. రాజు మతం ఒకటి, ప్రజల్లో చాలామంది మతం మరొకటి, సరిహద్దు అవతల కాచుకొని ఉన్న బలవంతుడి మతం ఇంకొకటి అయినప్పుడు మనిషి ఎవరికి విధేయుడుగా ఉండాలి? ఇంగ్లండులో ఈ ప్రశ్న ఎలిజబెత్ మీద జరిగిన కాథలిక్ కుట్రల రూపంలో వచ్చింది. గోల్కొండలో అది 1636లో ఒక ఒప్పందంగా, 1686లో ఇద్దరు మంత్రుల హత్యగా వచ్చింది. ఇంగ్లండు కథను మీరు యూరప్ చరిత్ర పాఠంలో వివరంగా చదువుతారు కాబట్టి ఇక్కడ అవసరమైనంత వరకే చెప్పుకొని, మన కథ మీద ఎక్కువసేపు నిలబడదాం.

ఇంగ్లండు: పోపు ఆజ్ఞ తరువాత

ఎనిమిదో హెన్రీ 1534లో పోపుతో తెగతెంపులు చేసుకొని ఇంగ్లండు చర్చికి తానే అధిపతి అయ్యాడు. అతని కొడుకు ఆరో ఎడ్వర్డ్ కాలంలో దేశం ప్రొటెస్టెంట్ పద్ధతికి మారింది. 1553లో పెద్దకూతురు మేరీ రాణి అయి మళ్లీ కాథలిక్ మతాన్ని తెచ్చింది. ఆమె ఐదేళ్ల పాలనలో దాదాపు 300 మంది ప్రొటెస్టెంట్లను సజీవంగా దహనం చేశారు. 1559లో ఎలిజబెత్ చట్టాలతో దేశం తిరిగి ప్రొటెస్టెంట్ అయింది. పాతికేళ్లలో ఇన్ని మార్పులు చూసిన పల్లెటూరి రైతు ఏ ప్రార్థన సరైనదో తేల్చుకోలేక, ఆ సంవత్సరం ఏది అమలులో ఉంటే అది చేసి ఇంటికి పోయేవాడని ఊహించడం తప్పు కాదు.

మొదటి పదేళ్లు ఎలిజబెత్ కాథలిక్కులను అంతగా పట్టించుకోలేదు. ఆదివారం చర్చికి రానివారికి 12 పెన్నీల జరిమానా ఉండేది, అది కూడా అన్నిచోట్లా వసూలు చేయలేదు. 1569లో ఉత్తర ఇంగ్లండు ప్రభువులు తిరుగుబాటు చేశారు. 1570 ఫిబ్రవరిలో ఐదో పయస్ పోపు ఎలిజబెత్‌ను మతం నుంచి వెలివేసి, ఆమె పట్ల ప్రజలకు ఎలాంటి విధేయతా అక్కర్లేదని ఆజ్ఞ జారీ చేశాడు. ఆమెకు లోబడేవారిని కూడా వెలివేస్తానన్నాడు. ఈ ఒక్క కాగితం ఇంగ్లండు కాథలిక్కులను అడకత్తెరలో పోకచెక్కను చేసింది. పోపు మాట వింటే రాజద్రోహం, రాణి మాట వింటే మతద్రోహం.

తరువాత వచ్చినవి కుట్రలు. 1571లో రిడోల్ఫీ అనే ఫ్లారెన్స్ వడ్డీవ్యాపారి స్పెయిన్ సైన్యాన్ని రప్పించి, బందీగా ఉన్న స్కాట్లండు రాణి మేరీని గద్దె ఎక్కించే పన్నాగం నడిపాడు. అందులో చిక్కిన నార్ఫోక్ డ్యూకు తల 1572లో తెగింది. 1583లో త్రాగ్‌మార్టన్ కుట్ర, 1586లో బాబింగ్టన్ కుట్ర. ఈ చివరిదాన్ని బాగా గుర్తుంచుకోండి. మేరీకి వచ్చే రహస్య లేఖలను బీరు పీపాల్లో దాచి పంపేవారు. ఆ దారిని నడిపించిందే రాణి మంత్రి వాల్సింగ్‌హామ్ మనుషులు. ప్రతి ఉత్తరమూ ముందుగా వాల్సింగ్‌హామ్ బల్ల మీదికి వచ్చి, సంకేతాలు విప్పి చదివిన తరువాతే చేరాల్సిన చోటికి చేరేది. 1587 ఫిబ్రవరిలో మేరీకి శిరచ్ఛేదం జరిగింది.

ఈ కుట్రల్లో పాల్గొన్న కాథలిక్కులు గుప్పెడు మంది. శిక్ష మాత్రం అందరి మీదా పడింది. 1581 తరువాత చర్చికి రాకపోతే నెలకు 20 పౌండ్ల జరిమానా. 1585 చట్టం ప్రకారం విదేశంలో దీక్ష పొందిన కాథలిక్ గురువు ఇంగ్లండు నేల మీద కనిపిస్తేనే రాజద్రోహం. ఎలిజబెత్ పాలనలో 180 మందికి పైగా కాథలిక్కులు మరణశిక్షకు గురయ్యారు. అయినా 1588లో స్పెయిన్ నౌకాదళం దండెత్తి వచ్చినప్పుడు దేశంలోని కాథలిక్కులు తిరగబడలేదు.

ఇబ్రహీం కాలంలో కుట్రకు మతం అక్కర్లేదు

ఇప్పుడు గోల్కొండకు వద్దాం. ఈ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చి, బహమనీ కొలువులో తెలంగాణ పాలకుడిగా ఎదిగినవాడు. ఆయన షియా శాఖను అనుసరించాడు. షియా అనే మాట మీలో కొందరికి కొత్త కావచ్చు గానీ విషయం కొత్తది కాదు. మీ ఊళ్లో పీర్ల పండుగ చూసే ఉంటారు. కర్బలా యుద్ధంలో చనిపోయిన ఇమామ్ హుస్సేన్‌ను తలచుకొని మొహర్రం నెలలో పీర్లను నిలబెట్టే ఆచారం ఆ శాఖ వారి సంతాపం నుంచి వచ్చినదే. తెలంగాణ పల్లెల్లో అది హిందువులూ ముస్లిములూ కలిసి చేసుకునే పండుగ అయింది. దానికి కుతుబ్‌షాహీల ఆదరణ ముఖ్య కారణం.

సుల్తాన్ కులీ 1543లో గోల్కొండ మసీదులో హత్యకు గురయ్యాడు. చేయించినవాడు సొంత కొడుకు జంషీద్. అన్న చేతికి చిక్కకుండా తప్పించుకున్న చిన్నకొడుకు ఇబ్రహీం విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు తలదాచుకున్నాడు. తెలుగు కవిత్వం మీద మోజు అక్కడే కలిగి ఉంటుంది. తరువాతి కాలంలో తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

1550లో జంషీద్ చనిపోయాక ఇబ్రహీంను సింహాసనం ఎక్కించడంలో పెద్ద చేయి జగదేవరావుది. నాయకవాడీ సైనికులకు ఆయన నాయకుడు. కొన్నేళ్లకు అదే జగదేవరావు ఇబ్రహీంను దించి అతని సోదరుణ్ణి రాజును చేయాలని కుట్ర పన్నాడు. గుట్టు బయటపడగానే బీరారుకు, అక్కడి నుంచి విజయనగరానికి పారిపోయాడు. హిందువైన జగదేవరావు ముస్లిం రాజును తెచ్చాడు, అతణ్ణే దించి మరో ముస్లిం రాజును తేవాలనుకున్నాడు. దీన్ని మతకుట్ర అని ఆనాడు ఎవరూ అనలేదు. ఇబ్రహీం కూడా తక్కువవాడు కాదు. తనకు ఏడేళ్లు అన్నం పెట్టిన రామరాయల మీదికి 1565లో మిగతా సుల్తానులతో కలిసి దండెత్తాడు. ఎలిజబెత్ మీద మొదటి పెద్ద కుట్రలు జరుగుతున్న రోజుల్లో గోల్కొండలో కుట్రలకు వారసత్వమూ పదవీ చాలు, మతం అవసరం లేకపోయింది. వందేళ్లలో ఇది మారిపోయింది. ఎలా మారిందన్నదే ఈ పాఠానికి ప్రాణం.

1636: శుక్రవారం ప్రసంగంలో ఎవరి పేరు?

శుక్రవారం మధ్యాహ్న ప్రార్థనకు ముందు మసీదులో చదివే ప్రసంగాన్ని ఖుత్బా అంటారు. అందులో పాలకుడి పేరు చదవడం ఆచారం. అచ్చులు, టెలిగ్రాములు లేని కాలంలో ఈ ఊరు ఎవరిదో ప్రజలకు ప్రతి వారం తెలిపే ప్రకటన అది. నాణెం మీది పేరుకు ఎంత విలువో ఖుత్బాలోని పేరుకూ అంతే. గోల్కొండ ఖుత్బాలో షియాలు ఆరాధించే 12 మంది ఇమాముల పేర్లు, వాటితో పాటు ఇరాన్ చక్రవర్తి పేరు చదివేవారు.

మొగల్ చక్రవర్తి షాజహాన్ సున్నీ. 1636లో ఆయన సైన్యం దక్కన్‌లో దిగింది. చక్రవర్తి దూత అబ్దుల్లా కుతుబ్‌షా దర్బారుకు వచ్చాడు. ఆ సంవత్సరం రాసిచ్చిన విధేయతా పత్రం ప్రకారం ఖుత్బాలో 12 మంది ఇమాముల పేర్లు తీసేసి సున్నీలు గౌరవించే నలుగురు ఖలీఫాల పేర్లు చదవాలి. ఇరాన్ షా పేరు పోయి షాజహాన్ పేరు రావాలి. నాణేలు కూడా ఆయన పేరు మీదే ముద్రించాలి. ఏటా 2 లక్షల హొన్నుల కప్పం కట్టాలి.

ఇంగ్లండుకూ గోల్కొండకూ ఉన్న పెద్ద తేడా ఇక్కడే తెలుస్తుంది. ఇంగ్లండులో రాజ్యం ప్రజల మతాన్ని మార్చింది, మారనివారిని శిక్షించింది. గోల్కొండలో ఏ సుల్తానూ ప్రజలను షియాలు కమ్మని ఆజ్ఞాపించలేదు. అక్కడి సున్నీ దక్కనీలు సున్నీలుగానే, తెలుగు హిందువులు హిందువులుగానే ఉన్నారు. మారమన్నది ప్రజలను కాదు, రాజును. అన్నది బయటి చక్రవర్తి. ఒక విధంగా షాజహాన్ పత్రం పోపు ఆజ్ఞకు దగ్గరి చుట్టమే. రెండూ మతభాషలో రాసిన రాజకీయ పత్రాలు. ఎలిజబెత్ చుట్టూ సముద్రం ఉంది, ఓడలున్నాయి, అందుకే ఆమె పోపు కాగితాన్ని లెక్కచేయలేదు. అబ్దుల్లాకు మొగలులకు అడ్డుగా సముద్రం లేదు, సంతకం పెట్టాడు.

అయితే ఇదంతా రాజకీయమే, మతం వట్టి ముసుగు అని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. ఇమాముల పేర్లు వినిపించని ఆ శుక్రవారాలు గోల్కొండలోని షియా కుటుంబాలకు కప్పం కన్నా పెద్ద అవమానం. కప్పం ఖజానా నుంచి పోతుంది. ఇది గుండెకు తగులుతుంది. మతం నిజంగా ముఖ్యమైనది కాబట్టే అది ఆయుధంగా పనికి వచ్చింది.

అక్కన్న, మాదన్న

1672లో అబ్దుల్లా మరణించాక వారసత్వ తగాదా వచ్చింది. కొడుకులు లేరు, అల్లుళ్లున్నారు. సయ్యద్ ముజఫర్ అనే సర్దారు అండతో అబుల్ హసన్ సుల్తాను అయ్యాడు. తానీషా అని మనం పిలిచేది ఈయన్నే. అంతకుముందు ఆయన షా రాజు అనే సూఫీ గురువు శిష్యుడిగా గడిపాడు. సయ్యద్ ముజఫర్ దగ్గర లెక్కలు చూసే హనుమకొండ బ్రాహ్మణుడు మాదన్న. రాజును గద్దె ఎక్కించినవాడే రాజును ఆడించబోతే, మాదన్న రాజు పక్షం వహించి ఆ సర్దారు అధికారాన్ని ఊడబీకాడు. ప్రతిఫలంగా మీర్‌జుమ్లా పదవి, సూర్యప్రకాశరావు అనే బిరుదు వచ్చాయి. అన్న అక్కన్నకు కూడా పెద్ద పదవి దక్కింది. మేనల్లుడు కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, పాల్వంచ తహసీల్దారు అయ్యాడు. ఆ కథ సినిమాగా మీకు తెలుసు కాబట్టి దాని జోలికి పోవడం లేదు. ఒక్క మాట మాత్రం గమనించండి. మంత్రులు సొంత మేనమామలైనా, రాజధనం విషయంలో గోపన్న గోల్కొండ చెరసాల తప్పించుకోలేకపోయాడు. మతం ఒకటైతే చాలు అంతా మాఫీ అనే పాలన కాదది.

మాదన్నకు ముందు మీర్‌జుమ్లా పదవి ఎక్కువగా ఇరాన్ నుంచి వచ్చిన ప్రభువుల చేతుల్లో ఉండేది. రేవుల వ్యాపారం, వజ్రాల గనులు, పన్నుల గుత్తలు వారివే. మాదన్న ఆ చోట్ల తన బంధువులను, తెలుగు నియోగులను నియమించాడు. పదవి పోయినవారు అది మాదన్న తెలివివల్ల పోయిందని అనరు, అతని మతంవల్ల పోయిందంటారు. మచిలీపట్నంలోని డచ్చి, ఇంగ్లీషు వర్తకులకూ ఆయనంటే గిట్టదు. గట్టిగా డబ్బు రాబట్టేవాడని వారి ఫిర్యాదు.

1677లో శివాజీ హైదరాబాదు వచ్చాడు. కర్ణాటక దండయాత్రకు గోల్కొండ ధనసహాయం చేసేలా ఒప్పందం కుదిరింది. దాని వెనుక మాదన్న ఉన్నాడు. మొగలులను ఆపాలంటే దక్కన్ రాజ్యాలన్నీ కలవాలన్నది ఆయన లెక్క. ఔరంగజేబు దృష్టిలో అది నేరం. బ్రాహ్మణులకు అధికారం అప్పగించడం, శంభాజీకి డబ్బు పంపడం గోల్కొండ సుల్తాను చేసిన పాపాలని మొగల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ జాబితా ఇస్తాడు. ఇక్కడ ఒక వింత చూడండి. అదే ఔరంగజేబు సైన్యంలో రాజపుత్ర సేనాపతులున్నారు, ఆయన ఖజానా లెక్కలు హిందూ గుమాస్తాలు రాస్తున్నారు. మతమే కారణమైతే తన ఇంట్లో కూడా అది కారణం కావాలి కదా!

దొరికిన ఉత్తరం

1685లో మొగలులు బీజాపూరును ముట్టడిస్తున్నారు. మొగల్ శిబిరంలో ఉన్న తన దూతకు అబుల్ హసన్ రాసిన ఉత్తరం ఒకటి చక్రవర్తి మనుషులకు చిక్కింది. తండ్రి లేని బీజాపూరు బాలరాజు మీద దాడి చేయడం అన్యాయమని, ఒకవైపు శంభాజీ కదిలితే మరోవైపు తాను 40,000 సైన్యం పంపగలనని దాని సారం. దాదాపు వందేళ్ల కిందట బాబింగ్టన్ ఉత్తరం మేరీని ముంచింది. ఈ ఉత్తరం గోల్కొండను ముంచింది. రెండు చోట్లా ఉత్తరం గురించి మనకు చెబుతున్నది దాన్ని పట్టుకున్న పక్షమే. అది అబద్ధమని అనడం లేదు. కుట్ర సాక్ష్యం ఎవరి చేతి మీదుగా మన దగ్గరికి వచ్చిందో చూసుకోకుండా చరిత్ర రాయకూడదని మాత్రం అంటున్నాను.

రాకుమారుడు షా ఆలం సైన్యంతో హైదరాబాదు మీదికి వచ్చాడు. గోల్కొండ సేనాపతి మహమ్మద్ ఇబ్రహీం శత్రువుతో చేతులు కలిపాడు. సుల్తాను రాజధాని వదిలి కోటలోకి వెళ్లిపోయాడు, నగరం దోపిడీ పాలైంది. సంధి షరతులు ఇవి: కోటీ 20 లక్షల రూపాయల పరిహారం, మల్ఖేడ్, సేడం ప్రాంతాలు వదులుకోవడం, ఏటా కప్పం, అక్కన్న మాదన్నల తొలగింపు. డబ్బు సంగతి సర్దుకుందామనుకున్నాడు గానీ మంత్రులను తీసేయడానికి సుల్తాను జాప్యం చేశాడు.

ఆ జాప్యమే హత్యకు దారి తీసింది. నగరం దోపిడీకి, మొగలుల కోపానికి ఈ అన్నదమ్ములే మూలమని అంతఃపురంలో, ప్రభువుల్లో గట్టి పట్టుదల ఏర్పడింది. అబ్దుల్లా కుతుబ్‌షా భార్యలు, షేక్ మిన్హాజ్ అనే సర్దారు మంతనాలు సాగించారు. 1686లో ఒక రాత్రి రాజమందిరం నుంచి ఇంటికి వెళుతున్న మాదన్న, అక్కన్నలను గోల్కొండ వీధిలో నరికి చంపారు. తరువాత కోటలోని బ్రాహ్మణుల ఇళ్ల మీద దాడి జరిగింది. సుల్తానుకు తెలియకుండా ఇది చేశారని ఖాఫీఖాన్ రాశాడు. తెగిన తల చక్రవర్తి దగ్గరికి సమాధాన కానుకగా వెళ్లింది. మేరీ తల తెగిన తరువాత ఏడాదికే ఇంగ్లండు మీదికి నౌకాదళం వచ్చింది. మాదన్న తల పంపిన తరువాత ఏడాదికే గోల్కొండ మీదికి ఔరంగజేబు స్వయంగా వచ్చాడు.

ద్రోహం చేసినవారు, చేయనివారు

1687 జనవరి చివర ముట్టడి మొదలై సెప్టెంబరు వరకు సాగింది. ఈ ఎనిమిది నెలల్లో ఎవరు ఏ పక్షం నిలిచారో మతాన్ని బట్టి విడదీయాలని ప్రయత్నించి చూడండి, కుదరదు. ముందే మొగలుల్లో చేరి మహాబత్‌ఖాన్ అనే బిరుదు పొందిన మహమ్మద్ ఇబ్రహీం ఇరాన్ వంశీకుడు. డబ్బు తీసుకొని రాత్రివేళ కోట తలుపు తెరిచినవాడు అబ్దుల్లాఖాన్ పన్నీ అనే ఆఫ్ఘన్ సర్దారు. ఒళ్లంతా గాయాలతో చివరి దాకా పోరాడిన అబ్దుల్ రజాక్ లారీ కూడా ఇరాన్ వాడే. మొగల్ శిబిరంలోనూ అంతే. గోల్కొండతో రహస్య మంతనాలు జరిపాడన్న అభియోగం మీద ఔరంగజేబు సొంత కొడుకు షా ఆలంనే బంధించాడు. దక్కన్ ముస్లిం రాజ్యాల మీద యుద్ధం ధర్మం కాదని చెప్పిన ప్రధాన ఖాజీ షేక్ ఉల్ ఇస్లాం పదవి వదిలి మక్కాకు వెళ్లిపోయాడు. సున్నీ ధర్మం పేరుతో నడిచిన యుద్ధాన్ని సున్నీ ధర్మవేత్తే ఒప్పుకోలేదు.

సాక్ష్యాలను కూడా ఇలాగే తూచండి. ఖాఫీఖాన్ మొగల్ కొలువు మనిషి, ఈ సంఘటనలు జరిగిన దశాబ్దాల తరువాత రాశాడు. భీమ్‌సేన్ మొగల్ సైన్యంలో పనిచేసిన కాయస్థుడు. డచ్చి కంపెనీ ఉద్యోగి డేనియల్ హావర్ట్ పుస్తకం 1693లో వెలువడింది. అతనికి ప్రతిదీ వ్యాపార లాభనష్టాల్లో కనిపిస్తుంది. తెలుగువారి జ్ఞాపకం మరోలా ఉంది. హైదరాబాదులో మాదన్నపేట, అక్కన్న మాదన్న మహంకాళి గుడి మిగిలాయి. రామదాసు కథల్లో తానీషా రామలక్ష్మణుల దర్శనం పొందిన పుణ్యాత్ముడు. ఓడిన సుల్తానును ఇంత ప్రేమగా తలచుకున్న ప్రజలు ఆ రాజ్యాన్ని పరాయి మతపు రాజ్యమని అనుకొని ఉండరు.

పరీక్ష జవాబుపత్రాలు చాలా ఏళ్లు దిద్దినవాడిగా ఒక సూచన. మాదన్న హత్యకు మతద్వేషమే కారణం అని ఒక్క వాక్యంతో ముగించిన జవాబులు వస్తాయి. మతానికి సంబంధమే లేదని కొట్టిపారేసినవీ వస్తాయి. రెండింటికీ మార్కులు తక్కువే. పదవులు పోయిన ప్రభువుల కసి, దోపిడీకి గురైన నగరం భయం, చక్రవర్తి షరతు మూడూ చెప్పి, ఆ మూడింటినీ ఒకే నినాదంగా కట్టడానికి మతం ఎలా పనికివచ్చిందో రాయండి. కోటలోని సాధారణ బ్రాహ్మణ కుటుంబాల మీద ఆ రాత్రి దాడి ఎందుకు జరిగిందో కూడా అప్పుడే వివరించగలుగుతారు. వారికి పదవులతో గానీ శివాజీతో గానీ పనిలేదు. 1585 తరువాత ఇంగ్లండులో ఉరికంబం ఎక్కిన కాథలిక్ గురువుల్లో ఎక్కువమందికి బాబింగ్టన్ కుట్రతో సంబంధం లేనట్టే.

కోట పడిన తరువాత అబుల్ హసన్‌ను దౌలతాబాదు కోటకు పంపి, ఏడాదికి 50,000 రూపాయల భరణం ఏర్పాటు చేశారు. మరో పన్నెండేళ్లకు పైగా బతికి అక్కడే చనిపోయాడు. గాయాల నుంచి కోలుకున్న లారీని చివరకు మొగల్ కొలువులోకే తీసుకున్నారు. కొత్త సుబాలో పన్నులు వసూలు కావాలి, లెక్కలు తేలాలి. ఆ లెక్కలు తెలిసినవారు తెలుగు దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు, బ్రాహ్మణ కరణాలు. బ్రాహ్మణులకు అధికారమిచ్చాడని ఒక రాజును శిక్షించిన ప్రభుత్వం, ఊళ్ల లెక్కల దగ్గరికి వచ్చేసరికి వారినే పిలిపించి కూర్చోబెట్టుకుంది.